మన జిల్లాలోనే ఉంటూ న్యూస్ ఫొటోగ్రాఫర్ అవ్వడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు

దేశంలోని పెద్ద పత్రికల మొదటి పేజీలో మన రెండు జిల్లాలు కనిపించేది చాలావరకు ఏదో ఘోరం జరిగినప్పుడే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కనిపించాయి. 2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నప్పుడు కనిపించాయి. అలాంటప్పుడు హైదరాబాద్ నుంచి, ఢిల్లీ నుంచి ఫొటోగ్రాఫర్లు వస్తారు, రెండు మూడు రోజులుండి వెళ్లిపోతారు. వాళ్లలో చాలా గొప్పగా పనిచేసేవాళ్లున్నారు. కానీ కొబ్బరితోట మొత్తం నేలకొరిగిన ఉద్దానం రైతు ఆ తర్వాతి ఏడాది ఏం చేశాడు, ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు, కొడుకుని ఏ ఊరు పనికి పంపాడు అనేది తీయాలంటే ఇక్కడే ఉండాలి. ఆ అవకాశం మీకుంది.

దాంతోపాటే ఒక బాధ్యత కూడా ఉంది. మీ ఫొటో పొద్దున పేపర్లో వస్తే, అందులో ఉన్న మనిషి సాయంత్రానికి ఆమదాలవలస బస్సులో మీ పక్క సీట్లోనే కూర్చోవచ్చు. బయటి నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్‌కి ఈ పరిస్థితి రాదు. కింద చెప్పే పనులన్నింటికీ నేను పెట్టుకున్న కొలత ఇదొక్కటే: ఫొటో ఎలా తీసినా, ఎవరికి అమ్మినా, ఆ మనిషి ఎదురుపడితే మీరు ఆగి పలకరించగలగాలి.

కెమెరా సంగతి ముందు తేల్చుకోండి

దీని మీద ఎక్కువ డబ్బు, ఎక్కువ టైం పెట్టొద్దు. మొదటి కొన్ని నెలలు ఫోన్ చాలు. తర్వాత సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చే 18-55 లెన్స్, వీలైతే 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ కొనుక్కోండి. రెండు మెమరీ కార్డులు, రెండు బ్యాటరీలు ఉండాలి. కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి చోట్ల సముద్రం ఒడ్డున తీసి వచ్చాక కెమెరాని ముందు తడి గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. ఉప్పుగాలి లెన్స్ రింగుల్లోకి చేరితే రిపేరు ఖర్చు చాలా అవుతుంది.

షట్టర్ స్పీడు మాత్రం మీ చేత్తో మీరే పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. నడిచే మనిషికి 1/250 సెకను, పరిగెత్తేవాళ్లకి, థింసా ఆడేవాళ్లకి 1/500, తేలినీలాపురంలో రెక్క విప్పిన పక్షికి 1/1000 పైన. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) పెరిగితే పెరగనివ్వండి. గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) ఉన్న ఫొటోని ఎడిటర్ వేసుకుంటాడు, ముఖం కదిలిపోయిన ఫొటోని వేసుకోడు. రా (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ఒరిజినల్ ఫైల్), జేపెగ్ రెండూ సేవ్ అయ్యేలా సెట్ చేసుకోండి. అవసరం ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మీ జిల్లా క్యాలెండర్ మీరే రాసుకోండి

వార్త జరిగాక పరిగెత్తేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ముందే తెలిసిన వార్తలకి తయారుగా ఉండేవాళ్లు తక్కువ. ఒక నోట్‌బుక్ తీసుకుని పన్నెండు నెలలకీ పేజీలు కేటాయించండి. సంక్రాంతికి ముందు హైదరాబాద్, చెన్నై నుంచి వలస కూలీలు దిగే శ్రీకాకుళం రోడ్ స్టేషన్. రథసప్తమికి అరసవిల్లి. మార్చిలో, మళ్లీ అక్టోబర్ మొదట్లో సూర్యకిరణాలు అక్కడి స్వామి పాదాలను తాకే రోజులు. ఎండాకాలం పలాస చుట్టూ జీడిపిక్కల పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. వానాకాలం వంశధార, నాగావళి వరదలు. అక్టోబర్, నవంబర్‌లో తుపానులు.

ఒక్కో దాని పక్కన, ఇప్పటిదాకా అందరూ తీసిన ఫొటో ఏమిటో రాయండి. వేట నిషేధం అనగానే ఒడ్డున బోర్లించిన పడవలు పేపర్లో వస్తాయి. మరి ఆ అరవై ఒక్క రోజులు ఇల్లు ఎలా గడుస్తుంది? వల అల్లే చేతులు, కిరాణా కొట్టులో అప్పు పుస్తకం, బయటి రాష్ట్రం హార్బర్‌కి బయలుదేరే కుర్రాళ్ల బ్యాగులు... ఇవి తీయడానికి ప్రెస్ కార్డు అక్కర్లేదు, ఆ వీధిలో నాలుగు రోజులు తిరిగితే చాలు.

పండగ రోజు ఎలా పనిచేయాలి: సిరిమాను ఉదాహరణ

దసరా వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందు రోజు సోమవారం తొలేళ్లు. విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు, ఎందుకంటే ఒకే దృశ్యాన్ని మూడుసార్లు చూసే అవకాశం ఉంటుంది. మూడులాంతర్ల దగ్గర గుడి నుంచి కోట వరకు సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది.

సోమవారం పొద్దున్నే వెళ్లండి. ఆ దారి మొత్తం నడిచి, ఏ మేడ మీద నుంచి ఏం కనిపిస్తుందో చూసుకోండి. ఇంటి యజమానిని ఆ రోజే అడిగి పెట్టుకోవాలి. మంగళవారం మధ్యాహ్నం వెళ్లి తలుపు కొడితే చుట్టాలతో ఇల్లు నిండిపోయి ఉంటుంది. బారికేడ్ల లోపల తిరగాలంటే డీపీఆర్వో (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసు ద్వారా వచ్చే పాస్ కావాలి. మీ కాలేజీ లెటర్‌తో అడిగి చూడండి, ఇవ్వకపోతే బాధపడొద్దు. తొలేళ్ల రాత్రి రోడ్డు పక్కనే చాపలు పరుచుకుని పడుకునే కుటుంబాలు, తెల్లారి తలమీద ఘటాలతో వచ్చే ఆడవాళ్లు, మొక్కు చీర మడత పెట్టుకుంటున్న ముసలమ్మ అందరూ బారికేడ్లకి బయటే ఉంటారు.

మొదటి తిరుగుడు ఎత్తు మీద నుంచి వైడ్‌గా తీయండి. మాను పొడవు ఎంత, దాని చుట్టూ జనం ఎంత, ముందు నడిచే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ఎక్కడ ఉన్నాయి, ఇవన్నీ ఒక్క ఫ్రేములో తెలియాలి. రెండోసారి కిందికి దిగి జనం భుజాల మధ్య నుంచి తీయండి. మాను చివర కూర్చున్న పూజారి వెనక ఆకాశం తెల్లగా ఉంటుంది, కెమెరాకి వదిలేస్తే ఆయన ముఖం నల్లగా వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి. మాను ఊగుతూ కుదుపులతో కదులుతుంది కాబట్టి 1/500 కంటే తగ్గొద్దు. భక్తులు అరటిపళ్లు విసురుతారు. పండు గాలిలో ఉండగా, విసిరిన చెయ్యి ఇంకా పైనే ఉండగా తీస్తే అది ఫొటో. మూడోసారి అసలు మానువైపు చూడకండి. వెనక్కి తిరిగి, మానుని చూస్తున్న ముఖాలు తీయండి. మీ ఎంపికలో చివరికి మిగిలేది చాలాసార్లు ఈ మూడో విడత ఫొటోలే.

అక్టోబర్‌లో మనవైపు సాయంత్రం ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. వెలుతురు పడిపోయేటప్పుడు ఫ్లాష్ వాడకండి, ఐఎస్ఓ పెంచుకోండి. జనం ఒత్తిడి పెరిగినప్పుడు గోడకీ బారికేడ్‌కీ మధ్య మూలలో అస్సలు నిలబడొద్దు. బ్యాగు ముందుకి తగిలించుకోండి. ఊపిరి ఆడనట్టు అనిపిస్తే మంచి ఫొటో ముందున్నా సరే పక్క సందులోకి వచ్చేయండి.

ఒక కథ మీద కొన్ని నెలలు ఉండండి

పండగ మీకు వేగం నేర్పుతుంది. ఓపిక నేర్చుకోవాలంటే చిన్న విషయం మీద పెద్ద పని చేయాలి. నా మాట విని పొందూరు వెళ్లండి. అక్కడ ఖాదీకి పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. గింజ ఇంకా లోపలే ఉన్న పత్తిని ఎడమచేత్తో పట్టుకుని, సన్నటి పళ్లున్న ఆ ఎముకని కుడిచేత్తో దాని మీద లాగుతుంటే, పోగు ఒక వైపుకి సర్దుకుంటుంది, నలుసులు రాలిపోతాయి. వేళ్లు చాలా చిన్నగా కదులుతాయి. దూరం నుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని, 50 లెన్స్‌తో, ఆ ఎముక పళ్ల మీద ఫోకస్ పెట్టండి.

మొదటి రోజు ఆ దువ్వెన ఫొటో ఒక్కటే వస్తుంది, అది ఇప్పటికే చాలామంది తీశారు. రెండో వారం వెళ్తే ఇరవై నాలుగు ఆకుల చరఖా వడుకుతూ ఆమె ఎవరితో ఏం మాట్లాడుతుందో వింటారు. నెల తర్వాత వెళ్తే చిలపలు (వడికిన నూలు చుట్టలు) ఖాదీ సంఘానికి ఇచ్చే రోజు ఏదో, చేతికి వచ్చే కూలి ఎంతో తెలుస్తుంది. కూతురు ఈ పని నేర్చుకుందా, ఏదైనా ఫ్యాక్టరీకి వెళ్తోందా? అప్పుడు కథ మొదలవుతుంది. కూలి ఎంత అన్నది ఆమెని అడగండి, సంఘాన్నీ అడగండి, రెండూ రాసుకోండి. తేడా ఉంటే ఆ తేడాయే మీ తర్వాతి ప్రశ్న.

ఇక్కడ ఒక పని అస్సలు చేయొద్దు. గదిలో వెలుతురు తక్కువ ఉందని చరఖాని గుమ్మం దగ్గరికి జరపమని అడగకండి. కొత్త చీర కట్టుకోమనకండి. "ఇంకోసారి అలాగే చెయ్యమ్మా" అని కూడా అనకండి. ఆమె మర్యాద కొద్దీ చేస్తుంది, కానీ ఆ క్షణం నుంచి మీరు తీసేది వార్త కాదు. వెలుతురు కావాలంటే పొద్దున ఎండ ఆ కిటికీలోకి వచ్చే టైం కనుక్కుని అప్పుడు వెళ్లండి. నిలబెట్టి పోర్ట్రెయిట్ తీయడం తప్పు కాదు, క్యాప్షన్‌లో ఆ సంగతి రాస్తే చాలు.

అడగడం ఎలా

కెమెరా బ్యాగులో ఉండగానే మాట కలపండి. మీ ఊరు, కాలేజీ, ఫొటోలు ఎందుకో చెప్పండి. "అప్పా, మాది రాజాం దగ్గర. ఫొటోలు పేపర్లో రావొచ్చు, రాకపోవచ్చు. తీసుకోమంటారా?" అంటే సరిపోతుంది. వెంటనే వచ్చే ప్రశ్న కూడా మీకు తెలిసిందే: "అందరూ తీసుకెళ్తారు, మాకేటి వస్తాది?"

దానికి నిజమే చెప్పండి. ఇల్లు శాంక్షన్ అవుతుందనో, కలెక్టర్ చూస్తారనో, పెన్షన్ వస్తుందనో ఆశ పెట్టొద్దు. మీ చేతిలో ఉన్నది ఒక ప్రింటు తెచ్చివ్వడం, పేపర్లో వస్తే ఫోన్ చేసి చెప్పడం. ఆ రెండు మాటలే ఇచ్చి, రెండూ నిలబెట్టుకోండి. ప్రింటు తీసుకుని వెళ్లినప్పుడు తెరుచుకునే తలుపులు మొదటిసారి తెరుచుకున్నవాటి కంటే ఎక్కువ.

ఒప్పుకున్నారు కదా అని అన్ని చోట్లా అది ఒప్పుకోలు కాదు. ఉద్దానం కిడ్నీ బాధితుల మీద పని చేయాలని చాలామంది విద్యార్థులు అనుకుంటారు, చేయాలి కూడా. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ల తరబడి ఇంటింటి కథ అది. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ తెరిచారు. కానీ డయాలిసిస్ బెడ్ మీద నాలుగు గంటలపాటు మెషీన్‌కి కట్టేసినట్టున్న మనిషి మీరు అడిగితే కాదని లేచి వెళ్లలేడు. సూపరింటెండెంట్ పర్మిషన్ ఇచ్చినా సరే, మీరు ఆ మనిషిని ఇంటి దగ్గర, ఆయన తన అరుగు మీద కూర్చుని ఉన్నప్పుడు అడగాలి. ఇంట్లో వాళ్లనీ అడగాలి. ఒకరికి కిడ్నీ జబ్బని తెలిస్తే ఆ ఇంటి పిల్లల సంబంధాలకి వెనకాడేవాళ్లున్నారు. ముఖం వద్దంటే వద్దు. డయాలిసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చెయ్యి, గోడకి వేలాడే రిపోర్టుల సంచి, తాగే నీళ్ల డబ్బాలు చాలా చెబుతాయి. క్యాప్షన్‌లో మాత్రం "నీటి వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు" అని రాసేయకండి. ఎన్నో పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని ఇంకా నిర్ధారణ కాలేదు.

డోలీ ఫొటోలకీ ఇదే వర్తిస్తుంది. కొండ మీద గూడెం నుంచి నొప్పులు పడుతున్న ఆమెని మోసుకొస్తుంటే, ఆమె ముఖం దగ్గరికి వెళ్లి తీయాల్సిన అవసరం ఏముంది? వార్త ఆమె నొప్పి కాదు, రోడ్డు లేకపోవడం. మోసేవాళ్ల భుజాలు, రాళ్ల దారి, కింద అంబులెన్స్ ఆగిపోయిన చోటు తీయండి. అక్కడి నుంచి గూడెం ఎన్ని కిలోమీటర్లో మీరే నడిచి రాసుకోండి.

ప్రమాదం జరిగిన చోట

మీ మొదటి ప్రమాదం దగ్గర మీకు చేతులు వణుకుతాయి, టెన్షన్‌గా ఉంటుంది. అది సహజం. అందుకే వరస ముందే మనసులో పెట్టుకోవాలి.

మీరొక్కరే దగ్గరగా ఉండి, ఎవరికైనా చెయ్యి అందించాల్సి వస్తే కెమెరా పక్కన పెట్టండి. కెవిన్ కార్టర్ 1993లో సూడాన్‌లో తీసిన ఫొటో, కరువులో వంగిపోయిన పసిబిడ్డ, వెనక రాబందు, మీరు చూసే ఉంటారు. దానికి 1994లో పులిట్జర్ అనే పెద్ద జర్నలిజం బహుమతి వచ్చింది. ఆ బిడ్డ ఏమైందని ప్రపంచమంతా అడిగింది, అప్పట్లో సరైన జవాబు ఎవరి దగ్గరా లేకపోయింది. ఫొటో తీయడం తప్పని నేను అనను. తీసిన తర్వాత ఆ మనిషికి ఏమైందో మీకు తెలిసి ఉండాలి అంటాను. పోలీసులు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు పనిలో ఉంటే మీ పని వాళ్లకి అడ్డం రాకుండా తీయడం. రాత్రి పూట వాళ్ల కళ్లలోకి ఫ్లాష్ కొట్టొద్దు. రైలు ప్రమాదమైతే పైనున్న కరెంటు తీగలు 25,000 వోల్టులవి. తెగి పడి ఉంటే, లైన్ ఆఫ్ చేశారని రైల్వే వాళ్లు చెప్పేదాకా దగ్గరికి పోవద్దు.

చనిపోయినవాళ్ల ముఖం వేయొచ్చా? నేను వేసుకునే ప్రశ్న: ఈ ముఖం చూపించకపోతే ఏ నిజం దాగిపోతుంది? 1984 భోపాల్‌లో మట్టిలో పూడ్చుతున్న పసివాడి ముఖాన్ని రఘు రాయ్, పాబ్లో బార్తొలొమ్యూ ఇద్దరూ తీశారు. ఆ ముఖం లేకపోతే గ్యాస్ ఏం చేసిందో ప్రపంచానికి అంతగా తెలిసేది కాదు. రోడ్డు ప్రమాదంలో పోయిన కుర్రాడి ముఖానికి అలాంటి అవసరం లేదు. ఇంట్లో వాళ్లకి కబురు ఇంకా అందకపోయి ఉండొచ్చు. వాట్సాప్ గ్రూపులో మీ ఫొటో చూసి ఒక తల్లికి ఆ సంగతి తెలియకూడదు. అందుకని ప్రమాద స్థలం నుంచి లైవ్ పెట్టొద్దు, గ్రూపుల్లో వేయొద్దు. పోలీసులు వివరాలు ప్రకటించేదాకా డెస్క్‌కి తప్ప ఎవరికీ పంపొద్దు.

ఆందోళనల దగ్గర పోలీసు వరసకీ జనానికీ మధ్యలో కాకుండా పక్కన నిలబడండి. 2010 జూలై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద కాల్పులు జరిగాయి. అలాంటి రోజు మీ ఫొటో రేపు సాక్ష్యం అవుతుంది. ఎవరి మీదో కేసు పెట్టడానికీ పనికొస్తుంది, ఎవరినో కాపాడటానికీ పనికొస్తుంది. ఒరిజినల్ ఫైళ్లు ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు. ఇదే కారణంతో, ఏ ముఖం పెద్దదిగా వేస్తున్నామో రెండుసార్లు ఆలోచించండి. 2002 గుజరాత్ అల్లర్లలో అర్కో దత్తా తీసిన ఫొటోలో చేతులు జోడించి ప్రాణభిక్ష అడిగే దర్జీ, ఆ ఫొటో వెంటాడుతుంటే ఊరు వదిలి, పనులు మారి బతకాల్సి వచ్చింది. ఫొటో నిజమైనదే, అవసరమైనదే. కానీ తర్వాత రాజకీయ పార్టీలు దాన్ని ప్రచారానికి వాడుకున్నాయి. మీ పాత ఫొటోని ఎవరైనా పోస్టరుకి అడిగితే, అందులో ఉన్న మనిషిని అడగకుండా ఇవ్వొద్దు.

దాటకూడని చట్టాలు

ఇవి గుర్తుపెట్టుకోండి. లైంగిక దాడి బాధితురాలిని గుర్తుపట్టేలా ఏదీ ప్రచురించకూడదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 ప్రకారం రెండేళ్ల దాకా జైలు. బాధితురాలు చనిపోయినా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పిల్లల విషయంలో పోక్సో చట్టం సెక్షన్ 23, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ఉన్నాయి. నేరం చేసిన పిల్లలైనా, బాధితులైనా, సాక్షులైనా గుర్తింపు బయటపడకూడదు. ముఖం బ్లర్ చేసి స్కూల్ యూనిఫాం, ఇంటి గుమ్మం, తండ్రి ముఖం వేస్తే చిన్న ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి బ్లర్ మీద ఆధారపడకండి, ఆ ఫొటోయే తీయకండి. డ్రోన్ ఎగరేసే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి. భోగాపురం విమానాశ్రయం వైపు మరీ జాగ్రత్త.

ఎడిటింగ్, క్యాప్షన్

క్రాప్ చేయొచ్చు, వెలుతురు, కలర్ సరిచేయొచ్చు. ఏదీ తీసేయకూడదు, ఏదీ చేర్చకూడదు. సిరియా యుద్ధం తీసిన నార్సిసో కాంట్రెరాస్ ఒక ఫొటో మూలలో ఉన్న వీడియో కెమెరాని చెరిపేశారని తేలడంతో 2014లో అసోసియేటెడ్ ప్రెస్ ఆయనతో సంబంధం తెంచుకుంది. ఆయన పులిట్జర్ అందుకున్న టీమ్‌లో ఒకరు. చెరిపిన వస్తువు చిన్నదే, అయినా ఆ ఏజెన్సీ ఊరుకోలేదు. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి దశకి వచ్చినవాళ్ల ఒరిజినల్ ఫైళ్లు అడిగి పోల్చి చూస్తారు. రా ఫైల్ దాచమన్నది అందుకే. ఫోన్లో ఏఐ ఎరేజర్, ఆకాశం మార్చే ఫిల్టర్లు వార్తా ఫొటోకి ముట్టుకోవద్దు.

క్యాప్షన్ మీద మనవాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టరు, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. "పైడితల్లి ఉత్సవంలో పాల్గొన్న భక్తులు" అంటే అది ఏ ఏడాది ఫొటో అయినా కావచ్చు. ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఏ తేదీన, ఎందుకు, ఇవి రెండు వాక్యాల్లో రావాలి. పేరు వాళ్లు పలికినట్టే రాసుకోండి, వీలైతే వాళ్లచేతే రాయించుకోండి. ఊరు, మండలం, జిల్లా మూడూ సరిచూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఇప్పటికీ ఇవి శ్రీకాకుళం జిల్లాగా అచ్చవుతుంటాయి. ఫోన్ నంబర్లు మీ నోట్‌బుక్‌లో ఉంచండి, క్యాప్షన్‌లో పెట్టొద్దు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, మీ పేరున్న మెటాడేటా (ఫైల్ లోపల ఉండే వివరాలు) పోతుంది. డాక్యుమెంట్‌గా లేదా మెయిల్‌లో పంపండి. క్యాప్షన్, మీ పేరు, తేదీ ఫైల్ లోపలే రాసి పెట్టండి.

డబ్బు

జిల్లాలో మొదటి మెట్టు సాధారణంగా ఏదో పత్రికకి కంట్రిబ్యూటర్‌గా చేరడం. లైన్ అకౌంట్ (అచ్చయినదాన్ని బట్టి లెక్కకట్టే చెల్లింపు) మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు, పెట్రోలు ఖర్చు వస్తే అదృష్టం. కాబట్టి పెళ్లిళ్లు, స్టూడియో పని చేయడం చిన్నతనం కాదు, చాలామంది మంచి ఫొటోగ్రాఫర్లు అలాగే నిలబడ్డారు. ఒక్కటి తెలుసుకోండి: కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోల హక్కు తీయించుకున్నవాళ్లదే. పెళ్లికూతురి ఫొటోని మీ ఇన్‌స్టాలో పెట్టాలంటే వాళ్లని అడగాలి.

వార్తా ఫొటోల సంగతి వేరు. పత్రికలో ఉద్యోగిగా తీస్తే, ప్రచురణ హక్కు యాజమాన్యానిది. ఉద్యోగం కాకుండా సొంతంగా తీసి అమ్మితే హక్కు మీదే, రాతపూర్వకంగా రాసిచ్చేదాకా మీదే ఉంటుంది. హక్కు రాసిచ్చే పత్రంలో ఎంత కాలం అని లేకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా తీసుకుంటుంది, ఎక్కడ అని లేకపోతే భారతదేశమంతా అని తీసుకుంటుంది. అందుకే ఫొటో పంపే మెయిల్లోనే రాయండి: "ఈ ఫొటో ఒక్కసారి, మీ పత్రికలో, మీ వెబ్‌సైట్‌లో వాడుకోవడానికి. క్రెడిట్ తప్పనిసరి. వేరేవాళ్లకి ఇవ్వాలంటే నన్ను అడగాలి." దానికి ఎదురు ఎంత ఇస్తారో ముందే అడగండి. అడగడానికి మొహమాటపడితే తర్వాత అడిగే అవకాశం రాదు.

ప్రెస్ మీట్లలో కవర్లు ఇస్తారు. తీసుకోవద్దు, మొదటి రోజే వద్దనండి. మొదటిసారి తీసుకున్నాక రెండోసారి వద్దనడం చాలా కష్టం. కంపెనీకో, పార్టీకో డబ్బు తీసుకుని ఫొటోలు తీయాల్సి వస్తే తీయండి, కానీ ఆ కంపెనీ మీద, ఆ పార్టీ మీద వార్తా ఫొటోలు మీరు తీయకూడదు. డెస్క్‌కి ఆ సంగతి ముందే చెప్పండి. బండి మీద ప్రెస్ స్టిక్కర్ చూపించి టోల్ దగ్గర, స్టేషన్ దగ్గర పనులు చేయించుకోవడం మొదలుపెడితే, అడిగినచోట మీకు తలుపు తీసే జనం మిమ్మల్ని కూడా ఆ లెక్కలోనే చూస్తారు.

ఫైళ్లు, పోర్ట్‌ఫోలియో

తీసిన రోజు రాత్రే ఫొటోలని రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేయండి. ఒకటి మీ ఇంట్లో, రెండోది వేరే ఊళ్లో చుట్టాల ఇంట్లో. తుపాను వచ్చేచోట ఉంటున్నాం, రెండూ ఒకే బీరువాలో పెడితే లాభం లేదు. ఫోల్డర్ పేరు తేదీతో మొదలుపెట్టి, మండలం, విషయం రాయండి. కార్డు ఫార్మాట్ చేసేది రెండు కాపీలూ తెరిచి చూసుకున్నాకే.

ఏడాది తర్వాత పోర్ట్‌ఫోలియో కూర్చండి. పండగ, ప్రమాదం లాంటి విడి ఫొటోలు పది, పొందూరు లాంటి ఒక కథ నుంచి పన్నెండు చాలు. ప్రతి దానికీ పూర్తి క్యాప్షన్ ఉండాలి. విశాఖ ఎడిషన్ డెస్క్‌లకీ, ఏజెన్సీల ఫొటో ఎడిటర్లకీ పీడీఎఫ్‌గా పంపండి. మీరు ఏ మండలాల్లో రెండు గంటల్లో చేరుకోగలరో, ఏ భాషలు మాట్లాడగలరో రాయండి. ఒడియా గానీ, సవర గానీ వస్తే అది తప్పకుండా రాయాలి, ఇచ్ఛాపురం వైపూ కొండల వైపూ పని పడినప్పుడు ఎడిటర్ ముందు వెతికేది అలాంటి మనిషినే. జవాబు రాకపోతే నెల తర్వాత కొత్తగా తీసిన ఒక్క ఫొటోతో మళ్లీ రాయండి.